ఓటా, పల్లిసభా, ఎన్జీవోనా? మా మేనకోడలికి ఏది మేలు?

మొన్న ఒడిశాలో గుణుపూర్ అవతల మా అక్క వాళ్ల ఊరు వెళ్లినప్పుడు మేనకోడలు పట్టుకుంది. "మావయ్యా, 2027 మొదట్లో మళ్లీ పంచాయతీ ఎన్నికలొస్తాయి కదా, వార్డు మెంబరుగా నిలబడమంటున్నారు. అటు రాయగడలో ఒక ఎన్జీవో వాళ్లు ఉద్యోగం ఇస్తామంటున్నారు. నాకైతే రెండూ ఒద్దు, ఊళ్లోనే ఉండి పల్లిసభలో గట్టిగా అడిగితే చాలనిపిస్తోంది. ఏటి చెయ్యమంటావు?"

మా అక్క వంటింట్లోంచి "ముందు పెళ్లి చేసుకోమను" అంది. ఆ నాలుగో దారి గురించి ఇక్కడ రాయను.

రాయగడలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ని. పల్లిసభ అంటే మా ఒడిశాలో ఒక్కో ఊరి ఓటర్లంతా కూర్చుని తీర్మానాలు చేసే సభ. ఈ మూడింటినీ దగ్గరినుంచి చూశాను, మూడింటి మీదా ఒక్కోసారి మోజు పడ్డాను. అప్పటికప్పుడు దానికి చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఓటు సంగతి. మా వైపు వాళ్లు ఓటుని తీసిపారెయ్యడానికి వీల్లేదు. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్నే నడిపిన బొబ్బిలి రాజాని 1937లో ఆయన సొంత గడ్డ మీదే ఓడించినవాడు మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. గుణుపూర్ వాళ్లకైతే ఇంకో కథ ఉంది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో, అంటే ఒక్క ఓటుతో కూలింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయి, ఎంపీ పదవి మాత్రం వదులుకోని మా కొరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఆ రోజు ఢిల్లీ వెళ్లి ఓటేసి వచ్చాడు. ఆయనది ఈ పక్క సవర కుటుంబమే. ఇక్కడ ఎవరైనా "ఒక్క ఓటుతో ఏటవుద్ది" అంటే ముసలాళ్లు నవ్వి ఊరుకుంటారు.

2024లో నవీన్ పట్నాయక్ ప్రభుత్వం 24 ఏళ్ల తరవాత దిగిపోయింది. 147 సీట్లలో బీజేపీకి 78, బీజేడీకి 51. మర్నాడు రాయగడ బజారు మామూలుగానే తెరిచారు. ఇది మనకి అలవాటైపోయింది కాబట్టి గొప్పగా కనపడదు. పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా అని చిన్న దేశం ఉంది. అక్కడ చదువురాని వాళ్ల కోసం గోళీలతో ఓటు పెట్టారు. అభ్యర్థి బొమ్మ ఉన్న డ్రమ్ములో గోళీ వేస్తే లోపల గంట మోగుతుంది, రెండుసార్లు మోగితే దొంగ ఓటని తెలిసిపోతుంది. సైకిల్ బెల్లు విని పొరబడకుండా బూత్ దగ్గరికి సైకిళ్లు రానివ్వరు. ఆ గోళీలతోనే 2016 డిసెంబరులో, 22 ఏళ్లుగా కుర్చీలో ఉన్న యాహ్యా జామేని ఓడించారు. ఆయన ముందు ఒప్పుకున్నాడు, తరవాత అడ్డం తిరిగాడు. పొరుగు దేశాల సైన్యాలు సరిహద్దు దాటాక గానీ 2017 జనవరిలో కదల్లేదు. ఓడినవాడు దిగి ఇంటికెళ్లడమన్నది ఓటు పెట్టెలోంచి దానంతటది వచ్చేది కాదు.

ఓటుకి ఇంకో గుణం ఉంది. అది మాలాంటి వాళ్లకే తెలుస్తుంది. దానికి భాషతో పనిలేదు. మా అమ్మకి ఒడియా రాదు. సంతలో బేరమాడేంత వచ్చు, అంతే. కానీ బూత్‌లో గుర్తు చూస్తుంది, మీట నొక్కుతుంది. కలెక్టరు ఓటూ ఆవిడ ఓటూ ఒకటే. మాట్లాడాల్సిన చోట మాత్రం భాష వచ్చినవాడిదే పైచెయ్యి. ఎన్నికల్లో నిలబడాలన్నా ఆ మెలిక ఉంది. ఒడిశాలో సర్పంచిగా పోటీ చెయ్యాలంటే ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలని చట్టంలోనే రాశారు. మా మేనకోడలికి ఆ ఇబ్బంది లేదు, చదివిందే ఒడియా బడిలో. కానీ సర్పంచి పదవి దానికి ఎలాగూ రాదు. రాయగడ జిల్లా అంతా రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ఆదివాసీ ప్రాంతం, అలాంటి చోట్ల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇక్కడ సర్పంచి కుర్చీ ఆదివాసీలదే. తెలుగు షావుకార్లలో కొందరు దీని మీద గొణుగుతారు. నేను గొణగను. అంగళ్లు మన చేతిలో ఉన్న చోట కుర్చీ కూడా మనకే కావాలనడం ఏం న్యాయం?

ఇక ఓటుకి చేతకానిది ఏమిటంటే, దాని చెయ్యి సరిహద్దు దాటదు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచలో తెలుగువాళ్లున్నారు. వాళ్లకి గోదావరి అవతలి ఒడ్డున తెలంగాణ ప్రభుత్వం మేడిగడ్డ బరాజ్ కట్టి 2019 జూన్ 21న మొదలుపెట్టింది. వెనక నీళ్లు సిరొంచ పొలాల మీదికి వచ్చాయి. 2023 అక్టోబరులో బరాజ్ పిల్లర్లు కుంగాయి, ఆ తరవాతి నెలలో తెలంగాణ ఓటర్లు ప్రభుత్వాన్ని మార్చేశారు. పొలం మునిగిన సిరొంచ రైతుకి ఆ ఎన్నికల్లో ఓటే లేదు. ఆయన ధర్నా చెయ్యాలి, కలెక్టరేటు చుట్టూ తిరగాలి, అంతే.

ఇంకొకటి, ఓటు 'ఎవరు' అని అడుగుతుంది తప్ప 'ఏది' అని అడగదు. కొండ తవ్వాలా వద్దా అన్న మాట ఏ బ్యాలెట్ మీదా ఉండదు. ఆ మాట అడిగింది పల్లిసభ.

నియమగిరి కొండ మాకు కంటికి కనిపించేంత దూరం. లాంజీగఢ్‌లో వేదాంత కంపెనీ రిఫైనరీ కట్టేసింది, బాక్సైటు కొండ మీదుంది, కొండ మీద డొంగ్రియా కొంధు ఆదివాసీల దేవుడు నియమరాజు ఉన్నాడు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ సంగతి గ్రామసభలే, అంటే మా దగ్గర పల్లిసభలే, తేల్చాలంది. ప్రభుత్వం పన్నెండు ఊళ్లని ఎంచింది. కొండ మీద అంతకంటే చాలా ఎక్కువ ఊళ్లున్నాయి, పన్నెండే ఎందుకని అప్పట్లో పెద్ద గొడవ. జులై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జారపాలో ముగిసింది. జిల్లా జడ్జి కూర్చుని చూస్తుండగా ఒక్కో ఊరూ లేచి వద్దంది. పన్నెండుకి పన్నెండూ. మరుసటి ఏడు జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఆ సభలు జరిగిన నెల రోజులూ రాయగడలో కిళ్లీ కొట్టు దగ్గర కూడా ఇదే మాట. మా షావుకారొకాయన, కంపెనీ వస్తే వ్యాపారం పెరుగుతుందని ఆశపడ్డవాడు, "అయిదేళ్లకోసారి ఓటేసి మనం సాధించలేంది వీళ్లు చెట్టు కింద కూర్చుని సాధించీసినారు" అన్నాడు. మెచ్చుకున్నాడో ఏడ్చాడో నాకిప్పటికీ తెలీదు.

అటు గడ్చిరోలి జిల్లాలోనే మేంఢా లేఖా అనే గోండు ఊరు ఉంది. ఢిల్లీ, ముంబయిల్లో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు అన్నది వాళ్ల మాట. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు తెచ్చుకుంది. 2011లో తమ వెదురు తామే అమ్ముకునే అధికారం వచ్చింది. అక్కడ తీర్మానం ఓట్లు లెక్కపెట్టి కాదు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడి చేస్తారు. వినడానికి బావుంటుంది. రోజంతా కూర్చునే తీరికా ఓపికా ఉన్న చిన్న ఊరికి అది చెల్లుతుంది, గుణుపూర్ లాంటి చోట చెల్లుతుందని నేననుకోను.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. నియమగిరిలో సభ మాట చెల్లిందంటే వెనక సుప్రీంకోర్టు ఉంది, జడ్జి ఉన్నాడు, దేశమంతా చూస్తోంది. అదే రాయగడ జిల్లా కాశీపూర్ పక్క సిజిమాలి కొండ చూడండి. గ్రామసభలు గనికి ఒప్పుకున్నట్టున్న కాగితాలు దొంగవని అక్కడి ఆదివాసీలు మొత్తుకుంటున్నారు. అదే జిల్లా, అదే సభ, రాసే చెయ్యి మారితే చాలు. సభకి ప్రాణం అందులో జరిగిన మాటల్లో లేదు, తీర్మానాల పుస్తకంలో ఉంది. పుస్తకం ఒడియాలో ఉంటుంది. హాజరుకని సంతకాలు ముందే తీసుకుంటారు, తీర్మానం తరవాత నింపుతారు. ఇది అన్ని చోట్లా జరుగుతుందనను, మా వాళ్ల ఊళ్లో జరగడం కళ్లారా చూశాను. టీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి, సంతకాలు అయిపోయాయి, సభ మాత్రం అవలేదు.

బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరం 1989 నుంచి పేటల వారీగా జనాన్ని కూర్చోబెట్టి బడ్జెట్‌లో డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో వాళ్లచేతే తేల్చింది. ప్రపంచమంతా చూసి నేర్చుకుంది. 2004లో దాన్ని మొదలుపెట్టిన పార్టీ ఓడాక ఆ పద్ధతి మెల్లగా నీరుగారింది. అంటే సభ కూడా ఎవరి ఓటు మీదో నిలబడి ఉంటుందన్నమాట.

ఎన్జీవో గురించి త్వరగా ముగిస్తాను. ఎన్జీవోలో చేసినవాళ్లు నాకు స్నేహితులున్నారు, మంచివాళ్లు, కష్టపడతారు. కానీ జీతమిచ్చేవాడు ఊరివాడు కాదు. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి, ఆఫీసు ఖర్చులకి వాడుకునే వాటాని 50 శాతం నుంచి 20కి తగ్గించారు, పెద్ద సంస్థలు చిన్నవాటికి డబ్బు పంచకుండా ఆపేశారు. పైన ఢిల్లీలో ఒక గీత మార్చితే కింద రాయగడలో మనిషి ఉద్యోగం పోతుంది, మొదలుపెట్టిన పని మధ్యలో ఆగుతుంది.

సంఘం వేరు, ఎన్జీవో వేరు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ సంస్థల నిధులు తీసుకోకుండానే 1990ల్లో ఊరి మధ్య జన సునవాయిలు, అంటే బహిరంగ విచారణలు పెట్టి మస్టరు రోల్సు, అంటే కూలీల హాజరు పట్టీలు బయటికి చదివింది. చచ్చిపోయినవాళ్ల పేరున కూలి, కట్టని గోడకి బిల్లు. ఆ చదువుడే ముదిరి 2005లో సమాచార హక్కు చట్టమైంది. ఫిలిప్పీన్స్‌లో 1986 ఫిబ్రవరిలో అధ్యక్షుడు మార్కోస్ ఎన్నిక పెట్టినప్పుడు నామ్‌ఫ్రెల్ అనే పౌర సంఘం వాలంటీర్లు బూత్ బూత్‌లోనూ సొంతంగా లెక్క రాసుకున్నారు. సర్కారు లెక్క, వీళ్ల లెక్క కలవలేదు. ఎన్నికల సంఘంలో కంప్యూటర్ల దగ్గర కూర్చున్నవాళ్లే లేచి బయటికొచ్చేశారు. ఆ నెల 25న మార్కోస్ దేశం విడిచి పోయాడు. ఈ రెండు చోట్లా జరిగింది ఒకటే. ఎవరో రాసిన లెక్కని ఇంకొకరు పక్కన కూర్చుని చదివారు.

అందుకని నా మాట ఇది. కొండనో చెరువునో పోకుండా కాపాడుకోవాలంటే పల్లిసభే మేలు. రోడ్డో టీచరో రావాలంటే ఓటు మేలు, ఎందుకంటే అవి ఇచ్చేవాడు మళ్లీ ఓటుకొస్తాడు. ఎన్జీవో ఉద్యోగం చెడ్డది కాదు గానీ మా మేనకోడలికి కాదు. ఇది రాయగడ వెళితే ఊళ్లో ఒడియా కాగితం చదివే మనిషే ఉండదు.

మరి వార్డుకి నిలబడాలా? నిలబడాలి. వార్డు మెంబరుకి అధికారం ఏమీ ఉండదని అందరూ అంటారు, దాదాపు నిజమే. కానీ ఒడిశా పంచాయతీ చట్టం ప్రకారం ఆ ఊరి పల్లిసభకి అధ్యక్షత వహించేది ఆ ఊరి వార్డు మెంబరే. సంతకాలు ముందా, తీర్మానం ముందా అన్నది ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తేల్చొచ్చు. చదివిన తీర్మానాన్ని తెలుగులోనూ సవరలోనూ మళ్లీ ఒకసారి చెప్పించొచ్చు. గెలవడానికి ఏం కావాలో నాకు తెలుసు. ఇంటింటికీ తిరగాలి, సాయంత్రం కొందరికి సీసాలు కావాలి. అది ఇవ్వనంటుంది. ఓడిపోవచ్చు కూడా.

ఫోన్‌లో ఇదంతా చెప్పాను. విని "సరే, చూద్దాంలే" అంది.

పోయిన వారం మళ్లీ ఫోన్ చేసింది. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి సమాచార హక్కు కింద ఊరి పల్లిసభ పుస్తకం నకలు తెప్పించుకుందట. ఎన్ని ఇళ్లు మంజూరు, ఎన్ని గజాల సిమెంటు రోడ్డు, అన్నీ చదివి వినిపించింది. తరవాత ఆగింది.

"మావయ్యా, ఇందులో అమ్మమ్మ సంతకం ఉంది. నిశానీ కాదు, ఒడియాలో సంతకం."

"ఏ తేదీ?"

చెప్పింది. ఆ రోజు నేనూ అక్కా విశాఖలో ఉన్నాం. అమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, పచ్చ గుడ్డ కట్టుకుని, ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉంది.