జిప్సీ కింగ్ స్టీరింగ్ వణుకు: ఏళ్ల వాడకం తర్వాత డంపర్, కింగ్‌పిన్ బేరింగ్‌లు, బుష్‌ల సంగతి

మారుతి జిప్సీ స్టీరింగ్ కొట్టుకుంటోందని బెంగళూరులో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా ముందు వచ్చే సలహా ఒకటే: "డంపర్ మార్చేద్దాం సార్." మారిస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. డంపర్ (స్టీరింగ్ రాడ్డుకు తగిలించే షాక్ అబ్జార్బర్) ఊపును అణచిపెడుతుంది గానీ ఆ ఊపు పుట్టే చోటు వేరు. పాత జిప్సీ కింగ్‌ను సిటీలో, హైవే మీద, బురదలో ఏళ్ల తరబడి వాడాక నా తీర్పు: ఈ బండిలో డబ్బు ముందు పెట్టాల్సింది కింగ్‌పిన్ బేరింగ్‌ల మీద, అంటే ముందు చక్రాలు అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన పిన్నుల బేరింగ్‌ల మీద. డంపర్ ఆఖరున.

వణుకు ఏ రకమో ముందు తేల్చుకోండి. గంటకు 70–90 కిలోమీటర్ల మధ్య ఎక్కడో మొదలై, ఇంకాస్త వేగం పెంచితే సర్దుకునే సన్నటి వణుకు టైరుదో బ్యాలెన్సింగ్‌దో. ఒక చక్రం గుంతలో పడగానే స్టీరింగ్ అటూ ఇటూ విదిలించి కొట్టడం మొదలై, వేగం బాగా దిగేదాకా ఆగకపోతే అది రెండో రకం. ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద జాయింట్లు వరసగా తగులుతాయి కాబట్టి ఈ రోగం అక్కడ ఇట్టే బయటపడుతుంది. అలా కొట్టుకుంటున్నప్పుడు బ్రేకు మీద నిలబడొద్దు. బరువంతా ముందు చక్రాల మీదకు వచ్చి ఊపు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం దానంతట అదే తగ్గనివ్వాలి. బొటనవేళ్లు స్పోకుల మధ్య ఉండకూడదు.

మొదటి రకానికి పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. రిమ్ లోపలి వైపు ఎండిన బురద ఉందేమో చూసి గీకేయండి. ఆఫ్‌రోడ్ వెళ్లొచ్చిన మర్నాడు వచ్చే వణుకులో సగం ఇదే. పోకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు వేయండి. వణుకు స్టీరింగ్‌లోంచి సీటు కిందికి మారితే దోషం టైరులో ఉన్నట్టే. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. గ్రిప్ ఎంత మిగిలున్నా, వయసు మీరిన టైరు లోపల బెల్టు విడిపోయి ఉంటే ఏ బ్యాలెన్సింగూ నిలవదు.

రెండో రకానికి బండిని నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆపి, ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ జానెడు మేర ఆడించమనండి. మీరు కింద దూరి ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టి చూడండి: స్టీరింగ్ బాక్స్ బోల్టులు, పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి వచ్చే చేయి), డ్రాగ్ లింక్ (ఆ చేతి కదలికను చక్రాల వైపు చేర్చే రాడ్డు) రెండు కొసలు, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే రాడ్డు) ఎండ్‌లు. కంటికి కనపడని లూజు వేలికి తెలుస్తుంది. బాక్స్ బిగించిన చోట ఛాసిస్‌కు పగులు ఉందేమో టార్చ్ వేసి చూడండి. స్టీరింగ్ చక్రం అంచు దగ్గర 10 నుంచి 30 మిల్లీమీటర్ల ప్లే మామూలే. అంతకు మించితే వెంటనే బాక్స్ మీది అడ్జస్టింగ్ స్క్రూ బిగించేవాళ్లు ఉంటారు. అది చేయనివ్వొద్దు. అరిగిన జాయింట్ల లూజును బాక్స్ దగ్గర బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాదు, చివరికి బాక్స్ కూడా పాడవుతుంది.

తర్వాత యాక్సిల్ కింద జాక్ పెట్టి చక్రం పైకి లేపండి. గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఊపండి. ఆడుతుంటే లోపల ఒకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే లూజు పోతే అది వీల్ బేరింగ్. తొక్కినా ఆడుతూనే ఉంటే కింగ్‌పిన్. ఒక్క నిమిషంలో అయిపోయే ఈ పరీక్ష చేయకుండానే వీల్ బేరింగ్‌లు మార్చేసే షెడ్లు ఎన్నో.

కింగ్‌పిన్ బేరింగ్‌ల చావు నీళ్లతో మొదలవుతుంది. వాగులు దాటాక నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే ఇనుప భాగం) వెనక సీలు గుండా నీరు దూరి గ్రీజు పోతుంది. బండి ఎక్కువసేపు తిన్నగా నడుస్తుంది కాబట్టి రోలర్లు ఒకేచోట ఆనుకుని, ప్రతి హంపు దెబ్బా అక్కడే పడి, రేస్ (రోలర్లు దొర్లే ఉక్కు వలయం) మీద వరసగా సన్నటి గుంటలు పడతాయి. టై రాడ్ విప్పి నకిల్‌ను చేత్తో తిప్పితే సరిగ్గా మధ్యలో టక్కుమని పట్టినట్టు తెలుస్తుంది. అది తగిలిందంటే షిమ్‌లతో (పల్చటి రేకులతో) సర్దుబాటు చేయాలనుకోవడం వృథా. బేరింగ్‌తో పాటు రేస్ కూడా కొత్తది వేయాల్సిందే.

ప్రీలోడ్, అంటే బేరింగ్‌కు ముందే ఇచ్చే బిగువు, కొలవడానికి లగేజీ తూచే కొక్కెం త్రాసు చాలు. టై రాడ్ తీసేసి, నకిల్ సీలు కూడా విప్పేయాలి. లేకపోతే సీలు పట్టుదల కూడా లెక్కలోకి వస్తుంది. టై రాడ్ కొస కూర్చునే రంధ్రానికి కొక్కెం తగిలించి, ఆర్మ్‌కు లంబంగా లాగండి. నకిల్ కదలడం మొదలైన క్షణంలో త్రాసు 1 నుంచి 1.8 కిలోల మధ్య చూపాలి. తక్కువైతే 0.1 మిల్లీమీటర్ షిమ్ ఒకటి తీయాలి, ఎక్కువైతే చేర్చాలి. షిమ్‌ల మందం పైన ఎంతో కింద కూడా దాదాపు అంతే ఉండేలా చూసుకుంటే నకిల్ మధ్యలో కూర్చుంటుంది. ఈ పని ఓపికగా చేసిన బండిలో, డంపర్ ఒక కొస విప్పేసి ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపినా వణుకు మొదలవ్వదు. నా దృష్టిలో అసలు పరీక్ష అదే.

విప్పినప్పుడు నకిల్‌లో గ్రీజు నల్లగా, పల్చగా కారితే యాక్సిల్ ట్యూబు చివరి ఆయిల్ సీలు పోయినట్టు. డిఫరెన్షియల్ ఆయిల్ వచ్చి గ్రీజులో కలుస్తోంది. అది మార్చకుండా మూస్తే కొత్త బేరింగ్‌లకూ అదే గతి.

అలైన్‌మెంట్ మెషీన్ మీద ఈ బండికి సర్దగలిగేది టో (ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉండే కొలత) ఒక్కటే. రెండు టైర్ల మీద సుద్దతో గీత గీసి, యాక్సిల్ ఎత్తులో టేపుతో ముందూ వెనకా కొలిస్తే ఇంట్లోనే తేలిపోతుంది: ముందు కొలత 2 నుంచి 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. క్యాస్టర్, అంటే కింగ్‌పిన్ తల వెనక్కి వాలి ఉండే కోణం, సుమారు 3.5 డిగ్రీలు. పొడవాటి షాకిళ్లు (కమాన్‌కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే పట్టీలు) వేసి ముందు భాగం లేపిన బండ్లలో ఇది పడిపోతుంది. జిప్సీ ముందు కమాన్‌కట్టకు షాకిల్ ముందు వైపే ఉంటుంది మరి. షాకిల్ పెరిగిన కొద్దీ కింగ్‌పిన్ తల ముందుకు వాలుతుంది. కోణాన్ని వెడ్జ్‌లతో (కట్టకూ యాక్సిల్‌కూ మధ్య పెట్టే ఏటవాలు ముక్కలతో) వెనక్కి తేవాలి, తల వెనక్కి వాలేలా. తిరగేసి వేస్తే ఉన్నది కాస్తా పోతుంది. 205/70 ఆర్15 నుంచి 235/75 ఆర్15కు వెళ్తే టైరు ఎత్తు 65 మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. పెరిగిన టైరు బరువంతా మోసేది ఇవే జాయింట్లు.

విడిభాగాలు జేసీ రోడ్డులో దొరుకుతాయి. 2019లో జిప్సీ అమ్మకం ఆగిపోయినా, సైన్యంలో వాడకం వల్ల సరుకు ఇంకా తిరుగుతోంది. పాత బేరింగ్ జేబులో వేసుకెళ్లి, దాని మీద చెక్కిన నంబరు చూపించి మంచి బ్రాండుది అడగండి. జిప్సీ పేరు చెప్పి సెట్టు అడిగితే డబ్బాలో ఏముంటుందో చెప్పలేం. టై రాడ్ ఎండ్‌లలో చవకవి కొన్నాళ్లకే రబ్బరు బూటు చిరిగి లూజవుతాయి, అక్కడ బేరాలు వద్దు. డంపర్ మాత్రం ఏది వేసినా పెద్ద తేడా లేదు. చేత్తో లాగి నొక్కితే రెండు వైపులా ఒకేలా బిగువుగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటే చాలు.

కమాన్‌కట్టల బుష్‌లు (కట్ట కొసల్లో కూర్చునే తొడుగులు) పాలీయురేథేన్‌వి వేసుకుంటే చాలాకాలం నిలుస్తాయి గానీ గ్రీజు తప్పితే కిర్రుమంటాయి. రబ్బరువి మెత్తన, సిటీకి అవే నయం. రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు వేయాలి, గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి చీలుతుంది. కట్ట విప్పి బిగించాక దాన్ని యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కొన్ని వందల కిలోమీటర్లకు తప్పకుండా సాగుతాయి, మళ్లీ స్పానర్ వేయండి.