నకలు గొంతుతో రెండేళ్లు

నేను హనుమకొండలో ఉంటూ, తెలుగు మాటల పుట్టుపూర్వోత్తరాల మీద, సామెతల మీద వారానికొక పాడ్‌కాస్ట్ చేస్తాను. ఒక్కో భాగం 35 నిమిషాలు ఉంటుంది. చివరి ఐదు నిమిషాలు నా సహవ్యాఖ్యాత చేసే పేరడీకి వదిలిపెడతాం. రెండేళ్ల క్రితం నా గొంతును, కొన్ని నెలల తరువాత ఆయన అనుమతితో ఆయన గొంతును క్లోన్ చేసుకున్నాం. క్లోన్ అంటే మన మాటల రికార్డింగు ఇస్తే, ఆ తరువాత టైపు చేసిన వాక్యాలను మన గొంతుతోనే పలికే కంప్యూటర్ నకలు. అప్పటినుంచి డబ్బు కట్టి వాడుతున్నాను కాబట్టి దీని మంచిచెడ్డలు చెప్పగలననే అనుకుంటున్నాను. సేవ పేరు మాత్రం చెప్పడం లేదు. నేను చెప్పబోయే లోపాలు, నేను పోల్చి చూసిన మరి రెండు సేవల్లోనూ కనిపించాయి కాబట్టి ఒక్కదాని పేరు చెప్పి దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

నేను దీని జోలికి వెళ్లింది చిన్న అవసరం కోసం. పాడ్‌కాస్ట్ చేసేవారికి తెలిసిన బాధే ఇది. రాత్రి రికార్డు చేసిన భాగంలో 1857 అనబోయి 1875 అని ఉంటాం. మర్నాడు ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు అది దొరుకుతుంది. ఆ ఒక్క సంఖ్యను మళ్లీ చెప్పి అతికిస్తే పొద్దుటి గొంతు, రాత్రి గొంతు కలవవు, గది చప్పుడు కలవదు, విన్నవాళ్లకు అతుకు తెలిసిపోతుంది. క్లోన్ అయితే ఆ వాక్యాన్ని టైపు చేయగానే రాత్రి పలికినట్టుగానే పలికి ఇస్తుంది. 2016లోనే అడోబీ సంస్థ ఇలాంటి సాధనాన్ని వేదిక మీద చూపించింది గాని దాన్ని జనంలోకి వదల్లేదు. మాంట్రియల్‌లో మొదలైన లైర్‌బర్డ్ సంస్థను 2019లో డిస్క్రిప్ట్ కొనుక్కున్న తరువాతే ఈ అతుకుల పని పాడ్‌కాస్టర్ల చేతికి వచ్చింది. 2023 జనవరిలో మూడు సెకన్ల నమూనా చాలునంటూ మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించినప్పుడు అందరి దృష్టీ ఇటు మళ్లింది. నా అనుభవంలో మూడు సెకన్ల నమూనాతో గొంతు పోలిక వస్తుందే తప్ప మనిషి రాడు.

మనిషి రావాలంటే రికార్డింగు దగ్గరే జాగ్రత్త పడాలి. మొదటిసారి మే నెలలో, ఫ్యాను తిరుగుతుండగానే 40 నిమిషాలు చదివి ఇచ్చాను. తయారైన క్లోన్ ఏది పలికినా మాట వెనుక ఆ ఫ్యాను సన్నగా తిరుగుతూనే ఉంది. మాటకు మాటకు మధ్య ఖాళీలో కూడా వినిపించేది. అది గొంతునూ గాలినీ విడదీసి చూడదు, వినిపించిందంతా ఆ మనిషిదే అనుకుంటుంది. రెండోసారి ఫ్యాను ఆపి, గోడలకు దుప్పట్లు వేలాడదీసి, చెమటలు కక్కుతూ పత్రికా సంపాదకీయాలు చదివాను. చప్పుడు పోయింది గాని, ఏ మాట ఇచ్చినా వార్తలు చదివినట్టే చదివింది. మూడోసారి కాగితం పక్కన పెట్టి, ఎదురుగా మిత్రుణ్ని కూర్చోబెట్టుకుని గంటసేపు ముచ్చట్లు చెప్పాను. అప్పుడు గాని నా నవ్వు, నా నసుగుడు, మాట మధ్యలో నేను ఆగే చోటు అందులోకి రాలేదు. కొత్తగా చేయించుకునేవారు ఈ మూడో పద్ధతితోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను.

ఇక తెలుగు దగ్గరికి వస్తే, సమస్య చాలా లోతుగా ఉంది. అంకెలు వేస్తే ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి హిందీలో చదువుతుంది. ‘పద్దెనిమిది వందల యాభై ఏడు’ అని అక్షరాల్లో రాసి ఇస్తే ఆ చిక్కు తీరుతుంది. తీరనివి వేరే ఉన్నాయి. మనది అజంత భాష. మాట చివర అచ్చు నిలబడాలి. ఈ యంత్రం హిందీ అలవాటుతో చివరి అచ్చును మింగేస్తుంది. ‘కాలువ’ను ‘కాలువ్’ అంటుంది. మన లిపి చూపించని ధ్వనుల దగ్గర పరిస్థితి మరీ కష్టం. ‘చుక్క’లో చకారం, ‘చేప’లో చకారం ఒకటి కావు. ‘జొన్న’లో జకారం, ‘జనం’లో జకారం ఒకటి కావు. తెలుగు పిల్లవాడికి ఎవరూ నేర్పకుండానే వచ్చే ఈ తేడా క్లోన్‌కు తెలియదు. పాత వ్యాకరణ పుస్తకాల్లో ఉన్న ౘ, ౙ అక్షరాలను టైపు చేసి చూశాను. వాటిని గుర్తుపట్టక ఆ అక్షరాన్నే వదిలేసి, ‘చుక్క’ను ‘ఉక్క’ అని చదివింది. ‘వచ్చాడు’ అన్నప్పుడు మనం పలికే ఆ సాగిన అచ్చుకు మన వర్ణమాలలో గుర్తే లేదు. రాసింది రాసినట్టు చదివే యంత్రానికి అది ఎలా అందుతుంది?

దీనికి ఒక సందర్భం చెప్పాలి. పోయిన వానాకాలంలో గొంతు వాచి పది రోజులు మాట్లాడలేకపోయాను. ఆ వారం భాగమంతా క్లోన్‌తోనే చేశాను. మొదట్లోనే ఆ సంగతి ప్రకటించాను గాని, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి సగంలో వినడం మొదలుపెట్టింది. మేకల మీది సామెతల భాగం అది. రెండు నిమిషాలు విన్నదో లేదో, చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది. “ఇది నువ్వు కాదు కదరా? మనం మ్యాక అంటం. ఇది మేక మేక అంటున్నది” అంది. తరువాత వచ్చే అచ్చును బట్టి ముందరి ఏకారం మారుతుందనే సంగతి భాషాశాస్త్రం చదివిన నాకు పుస్తకంలో తెలుసు. ఆమెకు చెవిలో తెలుసు. ఆ వారమే ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు ఫోను చేసి, “బాబూ, గొంతు మీదే గాని ఊపిరి ఎక్కడా వినపడలేదు, ఒంట్లో ఎలా ఉంది?” అని అడిగారు. పొడుగు వాక్యానికి ముందు నేను గాలి పీల్చుకునే చప్పుడు కోసం ఒక శ్రోత ఎదురుచూస్తాడని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆ తరువాత మళ్లీ పూర్తి భాగాన్ని క్లోన్‌తో చేయలేదు. గొంతు బాగాలేకపోతే ఆ వారం ఆపేస్తాను.

యాస సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. నేను ఇచ్చిన ముచ్చట్లన్నీ వరంగల్ తెలుగులోనే ఉన్నా, బయటికి వచ్చిన మాట తీరు మాది కాదు. ‘గట్లనే’ అని రాసి ఇస్తే ఆ మాటను పలుకుతుంది, కానీ కోస్తా రాగంలో పలుకుతుంది. గొంతు నాదే అయినా అది పెరిగిన ఊరు వేరేలా అనిపిస్తుంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం తెలుగుతో సహా భారతీయ భాషలకు రాతను మాటగా పలికే, అందరూ వాడుకోదగిన కంప్యూటర్ మోడళ్లను విడుదల చేసింది. అలాంటి చోట తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలు గంటలకు గంటలు చేరితే తప్ప ఇది బాగుపడదని నా నమ్మకం. మన యాసలు పోటీకి రాకముందే యంత్రం ఒకదాన్నే ప్రామాణికం చేసేస్తుందేమోనన్న భయం కూడా నాకుంది.

పేరడీ విషయంలో నా అభిప్రాయం ఈ రెండేళ్లలో పూర్తిగా మారింది. గొంతు అచ్చుగుద్దినట్టు ఉంటే పేరడీ బాగా పండుతుందని మొదట్లో అనుకున్నాను. అది జరగలేదు. మా వరంగల్ వాళ్లకు ధ్వన్యనుకరణ అంటే నేరెళ్ల వేణుమాధవ్ గారే. 2001లో పద్మశ్రీ అందుకుని, 2018లో కన్నుమూసిన ఆ మహానుభావుడి కార్యక్రమాలు చూసినవారు ఇప్పటికీ ఇక్కడ ఇంటింటా ఉన్నారు. అనుకరించే కళాకారుడు ఎదుటి మనిషిలోని వంద లక్షణాల్లో రెండింటిని పట్టుకుంటాడు. ఒక సాగదీత, ఒక విరుపు. ఆ రెండింటినీ పెంచి చూపిస్తాడు, మిగతా తొంభై ఎనిమిదిని వదిలేస్తాడు. మనం నవ్వేది ఆ ఎంపికకే. క్లోన్ ఆ వందనూ సమానంగా తెస్తుంది. వినగానే ‘అరే, అతనే’ అని ఆశ్చర్యపోతాం, అంతటితో అయిపోతుంది, నవ్వు రాదు.

ఇది మేము పరీక్షించి చూసిన విషయమే. నా సహవ్యాఖ్యాత కల్పించిన పంచాయతీ పెద్దమనిషి పాత్ర ఒకటి ఉంది. ప్రతి వాక్యానికీ ముందు ‘ఏమంటున్నాననగా’ అని నాలుగు సెకన్లు సాగదీస్తాడు. ఆ పాత్ర గొంతుతోనే క్లోన్ చేసి, అదే రాత ఇచ్చాం. ఆ నాలుగు సెకన్లు ఒకటిన్నర సెకన్లయ్యాయి. ఎన్నిసార్లు మార్చినా అంతే. ఈ యంత్రాలు తరువాత రావడానికి ఎక్కువ అవకాశమున్న శబ్దాన్ని లెక్కగట్టి ఇస్తాయి. హాస్యగాడు మాత్రం ఎవరూ ఊహించని చోట ఆగుతాడు. అందుకే యంత్రం ఆ ఆగడాన్ని పొరపాటుగా ఎంచి సరిచేస్తుంది. దీనికి ఒక్క మందు ఉంది. రాత ఇవ్వకుండా మన మాటనే ఇచ్చి గొంతును మాత్రం మార్పించుకునే సదుపాయం ఇప్పుడు చాలా సేవల్లో ఉంది. అప్పుడు ఆగడం, సాగదీయడం, విరవడం అన్నీ నటించినవాడివే ఉంటాయి. పేరడీకి ఏదైనా వాడదలచుకుంటే దీన్నే వాడండి. ఈ రెండేళ్లలో మా శ్రోతలు నిజంగా నవ్విన క్లోన్ ఖండాలన్నీ ఇలా చేసినవే.

చట్టం సంగతి తెలియకుండా ఈ పని చేయకూడదు. అమెరికాలో ఒక హాస్య పాడ్‌కాస్ట్ 2024 జనవరిలో, 2008లో మరణించిన హాస్యకారుడు జార్జ్ కార్లిన్ గొంతుతో గంటసేపు సాగే కార్యక్రమాన్ని విడుదల చేసింది. అదంతా కృత్రిమ మేధ రాసిందని చెప్పారు. కార్లిన్ వారసత్వ సంస్థ కోర్టుకు వెళ్లాక, రాసింది మనిషేనని నిర్వాహకుల తరఫు ప్రతినిధే చెప్పారు. ఏప్రిల్‌లో రాజీ కుదిరి, ఆ కార్యక్రమాన్ని తొలగించారు. మన దగ్గర బాంబే హైకోర్టు 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా క్లోన్ చేయరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2020లో మనకు దూరమైన బాలు గొంతును ఒక తెలుగు చిత్రం కోసం కృత్రిమంగా పునఃసృష్టించారంటూ ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపిన వార్త 2024 మొదట్లో చదివినప్పుడు నాకు చాలా కష్టం కలిగింది. బాలు గొంతు తెలుగు ఇళ్లలో పెళ్లికీ చావుకీ తోడుండిన గొంతు. అదే సమయంలో ఏ.ఆర్. రెహమాన్ ఒక తమిళ పాటకు దివంగత గాయకులు బంబా బక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను వాడి, వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. కనీసం అడగడమన్నది అక్కడ జరిగింది. నేను బతికున్న ప్రముఖుల గొంతును గాని, పోయినవారి గొంతును గాని క్లోన్ చేయను. పేరడీ అన్న పేరు చెప్పుకున్నా చేయను. వారిని అనుకరించాలనిపిస్తే నా సహవ్యాఖ్యాత తన సొంత నోటితో చేస్తారు.

అనుమతి ఉన్నా అనర్థం జరగవచ్చని మాకు మా చేతులతోనే తెలిసింది. ఆయన క్లోన్ గొంతుతో, ఆయన ఒప్పుకున్న మీదటే, సొసైటీ ఎన్నికల అభ్యర్థి ప్రసంగం ఒకటి చేశాం. ముందూ వెనుకా ఇది పేరడీ అని చెప్పాం. ఎవరో మధ్యలోని నలభై సెకన్లు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పారు. ఆయన సొంతూళ్లో నిజంగానే ఎన్నికలు దగ్గరపడ్డ సమయమది. ఆయన పెదనాన్న ఊరి నుంచి ఫోను చేసి, “మాకు ఒక్క మాట చెప్పకుండ నిలబడ్తున్నవా?” అని ఏడ్చినంత పని చేశారు. ఆయనను ఒప్పించడానికి మేమిద్దరం బండి మీద ఊరికి వెళ్లాల్సి వచ్చింది. ఆ ముసలాయన మొహం నేను మరచిపోలేదు. మర్నాడే ఆ భాగాన్ని తీసేశాం. ఇప్పుడు ఎక్కడ కత్తిరించినా తెలిసేలా, పాత్ర నోటివెంటే ప్రతి అర నిమిషానికి ‘నేను యంత్రం గొంతును’ అన్న మాట వచ్చేట్టు రాస్తున్నాను. కృత్రిమంగా తయారైన శబ్దంలో మొదటి పది శాతం నిడివిలో ఆ సంగతి తెలపాలని 2025 అక్టోబరులో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో ప్రతిపాదించింది. మొదట్లో పెట్టిన ప్రకటన కత్తెరకు నిలబడదని మా అనుభవం చెబుతోంది.

ఖర్చు ఎక్కువేమీ కాదు. నెలకు ఒక మంచి భోజనం ఖరీదు. అయితే ఖాతా మూసేశాక మన గొంతు నమూనా వాళ్ల దగ్గర ఏమవుతుందో నిబంధనల్లో స్పష్టంగా ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. నా గొంతుతో ఎవరైనా డబ్బు అడిగితే మా అమ్మ అడగవలసిన ప్రశ్న ఒకటి మా ఇంట్లో ఉంది.

ప్రస్తుతం నేను దీన్ని అతుకులకే వాడుతున్నాను. ఒక్కో భాగంలో రెండు మూడు వాక్యాలకు మించదు. ఆ పనికి ఇది నాకు ఎంతో మేలు చేసింది. మళ్లీ చందా కూడా కట్టాను. సహవ్యాఖ్యాత గొంతు విషయంలో మాత్రం ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో, ఎప్పటిదాకా వాడవచ్చో అందులో ఉంది. దాని గడువు వచ్చే ఉగాదికి ముగుస్తుంది. కొనసాగించాలో, తొలగించాలో ఆయన చెప్పాలి. నేనైతే ఇంకా అడగలేదు.