ప్రభుత్వ ఆసుపత్రి పరిశ్రమేనా? ఏ నిర్వచనం మేలు?

ప్రభుత్వ ఆసుపత్రిని పరిశ్రమగా గుర్తించడం మేలా, యజమానులు, కార్మికుల వివాదాలను పరిష్కరించే పారిశ్రామిక చట్టానికి వెలుపల ఉంచడం మేలా అన్న విషయంలో సుప్రీంకోర్టే పలుమార్లు మాట మార్చింది. బొంబాయి జె.జె. ఆసుపత్రుల సముదాయంలో వార్డు సిబ్బంది ఇద్దరిని పరిహారం ఇవ్వకుండా తొలగించిన కేసులో, ఆసుపత్రి పరిశ్రమేనని 1960లో తేల్చింది. 1970లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేసులో ఆరుగురు న్యాయమూర్తులు ఆ తీర్పును తోసిపుచ్చి, వ్యాపార ధోరణి లేకుండా ప్రభుత్వ శాఖలో భాగంగా నడిచే వైద్యశాల పరిశ్రమ కాదన్నారు. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ప్రధాన తీర్పు మళ్ళీ మొదటి దారినే పట్టింది: క్రమబద్ధమైన కార్యకలాపం, యజమాని ఉద్యోగుల సహకారం, ప్రజల అవసరం తీర్చే వస్తువు లేదా సేవ ఉంటే చాలు, లాభాపేక్షతో పని లేదు.

వెలుపల ఉంచాలనే వారి వాదన తేలికైనది కాదు. వార్డులో పని ఆగితే నష్టపోయేది యజమాని కాదు, మరో ఆసుపత్రికి వెళ్ళే స్తోమత లేని రోగి. అయితే సమ్మెకు ముందు 14 రోజుల నోటీసును తప్పనిసరి చేసి, రాజీ చర్చలు సాగుతుండగా సమ్మెను నిషేధించేది పారిశ్రామిక చట్టమే. ఆసుపత్రిని దాని పరిధి నుంచి తీసేస్తే రోగికున్న ఆ రక్షణ కూడా పోతుంది.

ఈ నిర్వచనం ఎవరి బతుకును మారుస్తుందన్నది ఇంకా ముఖ్యం. శాశ్వత ఉద్యోగికి విచారణ లేకుండా తొలగించకుండా కాపాడే రాజ్యాంగం 311వ అధికరణం, సర్వీసు నిబంధనలు ఉన్నాయి. డాక్టర్లను సాధారణంగా ఈ చట్టం కింద కార్మికులుగా లెక్కించరు కనుక వారికి పెద్ద తేడా రాదు. తేడా అంతా ఏళ్ళ తరబడి తాత్కాలికంగా పనిచేసే స్వీపర్లు, ఆయాలు, వార్డు బాయ్‌ల మీద పడుతుంది. ఆసుపత్రి పరిశ్రమ అయితే, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన మనిషిని తగ్గించుకోవాలన్నా నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. వివాదాన్ని ట్రిబ్యునల్‌కు తీసుకెళ్ళవచ్చు. పరిశ్రమ కాకపోతే, చాలీచాలని జీతంతో బతికే ఆ మనిషి హైకోర్టులో రిట్ వేసుకోవాలి.

అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో చేసిన సవరణ ఆసుపత్రులను పరిశ్రమ నిర్వచనం నుంచి తొలగించింది. వాటి సిబ్బంది ఫిర్యాదులకు వేరే యంత్రాంగం తెస్తూ బిల్లు కూడా పెట్టారు కానీ అది చట్టం కాలేదు, సవరించిన నిర్వచనమూ అమల్లోకి రాలేదు. 1978 తీర్పును పునఃపరిశీలించే ప్రశ్న 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్ళింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆసుపత్రులను పేరు పెట్టి మినహాయించలేదు. దాతృత్వ, సేవా సంస్థలు నడిపే వాటినీ, ప్రభుత్వం మాత్రమే చేయగల సార్వభౌమ విధులనూ మాత్రం తప్పించింది. రోగికి కట్టు కట్టడం, వార్డు కడగడం సార్వభౌమ విధి అనిపించుకోవు కనుక, నా దృష్టిలో ప్రభుత్వ ఆసుపత్రి కోడ్ లోపలే ఉంది, ఉండాలి కూడా. అయితే ఏ కార్యకలాపాన్నైనా నోటిఫికేషన్‌తో మినహాయించే అధికారాన్ని అదే కోడ్ కేంద్రానికి ఇచ్చింది. 1982లో అనుకున్న ఆ యంత్రాంగాన్ని ముందు నిలబెట్టకుండా ఈ అధికారాన్ని ఆసుపత్రులపై ప్రయోగించడం అన్యాయం.