ఆరేళ్ల హార్డ్ డిస్క్: పోయే ముందు చెప్పింది

తిరుపతిలో పెళ్లి వీడియోలు తీస్తాను. ఈ రెండు టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఆరేళ్లు నా దగ్గర ఉంది. దాని మీద నాకున్న గౌరవమంతా ఒక్క రాత్రి వచ్చింది.

పోయినేడు మే నెల, గంగజాతర రోజులు. తిరుచానూరు పెళ్లి ఒకటి ఎడిటింగ్ కోసం డిస్క్‌లోంచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. రాత్రి పదకొండప్పుడు మా కుర్రాడు, "అన్నా, డిస్కులో ఏందో కొట్టుకుంటా ఉంది, ఇని చూడు" అన్నాడు. ఫ్యాన్ ఆపి చెవి దగ్గర పెట్టాను. రోజూ వినే సన్నటి రొద మధ్యలో టిక్, టిక్. కాసేపు ఆగి మళ్లీ టిక్. లోపల నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద, డేటా చదివి రాసే హెడ్ తగలకుండా తేలుతూ ఉంటుంది. ఆ సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. చదవాల్సిన చోటు చదవలేక హెడ్ వెనక్కి పోయి మళ్లీ వస్తుంటే ఆ చప్పుడు.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ తెరిస్తే పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగా చదవలేకపోతున్న చోట్లు, 16. అరగంటకు 40 అయ్యాయి. అన్నీ ఒకేసారి కాపీ పెట్టడం ఆపేసి, మళ్లీ తీయలేనివి ముందు ఎక్కించాను: జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. డిస్క్‌ను టేబుల్ మీదనుంచి కదిలించలేదు. తెల్లారుజామున నాలుగింటికి అయిపోయింది. రెండు క్లిప్పులు రాలేదు, రెండూ భోజనాల పంక్తివే.

అంతకు రెండేళ్ల ముందు కంప్యూటర్‌లోని ఎస్ఎస్‌డీ (పళ్లెం కాకుండా చిప్పుల్లో డేటా దాచేది) ఈ పాటి అవకాశం ఇవ్వలేదు. సాయంత్రం బాగానే ఉంది, పొద్దున కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్‌లోనే కనబడలేదు. అందులో తిరిగేదేమీ లేదు కాబట్టి చప్పుడూ లేదు. చిప్పుల్లో డేటా ఉన్నా, ఏది ఎక్కడుందో తెలిసిన కంట్రోలర్ పోతే ఏదీ చేతికి రాదు. ఒక నామకరణం ఫొటోలు మొత్తం పోయాయి. ఆ బిడ్డ తల్లికి ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

హార్డ్ డిస్కులన్నీ చెప్పే పోతాయని కాదు. తిరుగుతుండగా చేతిలోంచి జారితే అక్కడితో సరి. వేగం గురించి కూడా మొదట్లో అందరి దగ్గరా మెచ్చుకున్నాను, అది ఖాళీగా ఉన్నప్పటి మాట. నిండాక పాతవి చెరిపి కొత్తవి రాస్తుంటే సెకనుకు వంద ఎంబీ కాస్తా ఇరవైకి పడేది. ఈ రకంలో ట్రాకులు, అంటే పళ్లెం మీద డేటా రాసే వరుసలు, ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పరిచి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ తిరిగి రాయాలి. కాబట్టి దాచుకోవడానికే, పని చేసుకోవడానికి కాదు.

కాణిపాకం, శ్రీకాళహస్తి అంటూ బ్యాగులో వేసుకుని బైకు మీద తిరిగేవాళ్లకు ఎస్ఎస్‌డీయే మేలేమో. నా డిస్క్ షాపు దాటి పోదు, నెలకోసారి రిపోర్ట్ చూసే ఓపికా ఉంది. అందుకే మళ్లీ ఇదే రకం కొన్నాను, ఈసారి రెండు. ఒకటి షాపులో, ఒకటి చంద్రగిరిలో మా ఇంట్లో. రెండింట్లోనూ ఎక్కేదాకా కెమెరా కార్డు చెరపడం లేదు.