ముప్పై తొమ్మిదేళ్ళకి పళ్ళ క్లిప్పులు: పద్నాలుగు నెలల తర్వాత నా అభిప్రాయం

నిరుడు శ్రావణమాసంలో, ముప్పై తొమ్మిదేళ్ళు నిండిన వారానికి, విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆర్థోడాంటిస్టు దగ్గర పళ్ళకి క్లిప్పులు వేయించుకున్నాను. ఇప్పుడు దసరా సెలవులు. ఇంకో ఎనిమిది నెలలు పడుతుందని డాక్టరుగారు చెప్పారు. క్లినిక్ పేరు రాయడం లేదు. నాకు బాగా నచ్చినవీ ఉన్నాయి, బాధ పెట్టినవీ ఉన్నాయి. ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళకైనా పనికొచ్చేలా రాయాలని నా ఉద్దేశం.

నేను గుడివాడ దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. నావి ఎత్తుపళ్ళు, దానికి తోడు కింది ముందుపళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. నాకు పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఖర్చు ఎంతవుతుందో విని ఇద్దరం బస్సెక్కి ఇంటికొచ్చేశాం. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నిరుడు వేసవిలో బ్రష్ చేసినప్పుడల్లా చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే మా ఊరి డెంటిస్టుకి చూపించాను. పళ్ళు ఇరుగ్గా ఉన్నచోట బ్రష్ వెళ్ళడం లేదని, గార కట్టేసిందని ఆయన అన్నారు. అందం కోసమే అయితే ఈ వయసులో ధైర్యం చేసేదాన్ని కాదేమో. ఆరోగ్యం అనేసరికి ఇంట్లో చెప్పడానికి నోరొచ్చింది.

సూర్యారావుపేట డాక్టరుగారు మొదటి రోజు నలభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. మొత్తం దవడకి ఒక ఎక్స్‌రే, ముఖం పక్క నుంచి ఇంకొకటి, పళ్ళ అచ్చులు, ఫోటోలు తీయించారు. పెద్దవాళ్ళకి దవడ ఎదుగుదల అయిపోతుంది కాబట్టి క్లిప్పులతో దవడని మార్చలేమని, పళ్ళని మాత్రమే జరపగలమని చెప్పారు. చిగుళ్ళు బాగుపడేదాకా క్లిప్పులు వేయనని ముందే అన్నారు. చెప్పినట్టే పళ్ళు శుభ్రం చేయించి రెండు నెలలు ఆగమన్నారు. డబ్బు కట్టడానికి సిద్ధంగా వెళ్ళిన మనిషిని ఆగమన్నారంటే నాకు నమ్మకం కుదిరింది.

ఎముకలో పాతుకున్న పన్ను ఎలా కదులుతుందని అడిగాను. పన్ను ఎటు ఒత్తితే అటువైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుందట, వెనక ఖాళీ అయినచోట కొత్త ఎముక పుడుతుందట. అందుకే తొందరపెడితే లాభం లేదన్నారు. మొదట వేసే సన్నటి వైరు నికెల్, టైటానియం కలిసిన లోహం. ఎంత వంచినా మళ్ళీ తన ఆకారానికే రావాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలో పంటిని మెల్లగా లాక్కొస్తుంది. ఒక ముక్క నా చేతిలో పెట్టి వంచి చూడమన్నారు. నాకు అర్థమయ్యేదాకా చెప్పిన ఆ ఓపికకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

చోటు కోసం నాలుగు పళ్ళు తీయాల్సి వచ్చింది, పైన రెండు, కింద రెండు. మత్తు సూది ఇచ్చారు కాబట్టి అది నేను భయపడినంత లేదు. అసలు కష్టం దాని తర్వాత, పళ్ళ మధ్య కాస్త సందు చేయడానికి దవడ పళ్ళ సందుల్లో నీలం రబ్బరు రింగులు దూర్చిన మూడు రోజులు. వేరుశనగ పలుకు ఇరుక్కుని ఎంతకీ రానట్టు ఉంటుంది. పెరుగన్నం కూడా నమలలేకపోయాను.

క్లిప్పులు వేసేటప్పుడు నొప్పి లేదు. పెదాల్ని వెనక్కి లాగి పట్టే ప్లాస్టిక్ చట్రం నోట్లో పెట్టి, పళ్ళకి నీలం రంగు జెల్ రాసి, కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, ఒక్కో పంటికి ఒక్కో బ్రాకెట్, అంటే వైరుని పట్టి ఉంచే చిన్న బిళ్ళ, అంటించి లైటు పట్టారు. గంటంబావు పట్టింది. నొప్పి తిరుగు ప్రయాణంలో, బస్సు కంకిపాడు దాటాక మొదలైంది. మర్నాడు సాయంత్రానికి పై పన్నూ కింది పన్నూ తగిలితే చాలు కళ్ళు చెమర్చేవి. నాలుగో రోజుకి తగ్గింది. వైరు మార్చిన ప్రతిసారీ ఇదే వరస, కాకపోతే రాను రాను రెండు రోజులకే సర్దుకుంటోంది. డాక్టరుగారు చెప్పిన పారాసిటమాల్ తప్ప వేరే మాత్ర వేసుకోలేదు. నేను చేసుకున్న ఏర్పాటు ఒక్కటే, అపాయింట్‌మెంట్ ఎప్పుడూ శనివారం తీసుకోవడం. ఆదివారం ఇంట్లో ఎవరితో మాట్లాడకపోయినా నడుస్తుంది.

మాట గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే నా ఉద్యోగమే మాట. బ్రాకెట్లు పళ్ళకి బయటివైపు ఉంటాయి కదా, ఉచ్చారణకేం అడ్డం అనుకున్నాను. మొదటి వారం 'వ' పలకడం కష్టమైంది. 'వ' దంతోష్ఠ్యం, కింది పెదవి పై పళ్ళని తాకాలి. అక్కడ ఇనుము ఉంది. 'వనవాసం' అనేసరికి పెదవి లోపల గీసుకుపోయేది. ఆ పైన, కింది బ్రాకెట్లు పై పళ్ళకి తగలకుండా వెనక దవడ పళ్ళ మీద నీలం సిమెంటుతో చిన్న దిమ్మలు పెట్టారు. దాంతో ముందుపళ్ళు దగ్గరకి రావు. 'స'లో గాలి జారిపోయేది. 'చాప', 'చుక్క', 'జామ' లాంటి మాటల్లో నాలుక పళ్ళకి ఆనించి పలికే దంత్య చ, జ ఉన్నాయే, అవి అస్సలు పలకలేదు. 'చేప' వచ్చేది, 'చాప' వచ్చేది కాదు. పదిహేనేళ్ళుగా పిల్లలకి ఆ తేడా నేర్పిస్తున్న నాకు అది ఎంత దిగులు పెట్టిందో చెప్పలేను. తొమ్మిదో తరగతిలో పద్యం మధ్యలో ఆగిపోయి, పుస్తకం ఒక పిల్ల చేతికిచ్చి చదవమన్నాను.

ఇంటికెళ్ళాక వంటింట్లో నిలబడి రోజూ పావుగంట గట్టిగా చదవడం మొదలుపెట్టాను. 'చాప మీద జామకాయ' అని నేనే ఒక మాట కల్పించుకుని నిదానంగా, తర్వాత వేగంగా. మూడు వారాలకి నాలుక కొత్త చోటు వెతుక్కుంది. ఇప్పుడు పద్యం రాగంతో పాడినా ఎవరికీ తేడా తెలియదు. ఈ సంగతి క్లినిక్‌లో ఎవరూ ముందు చెప్పలేదు. టీచర్లు, లాయర్లు, హరికథ చెప్పేవాళ్ళు, ఫోన్లలో మాట్లాడే ఉద్యోగాలవాళ్ళు ఆ దిమ్మల గురించి తప్పక ముందే అడగండి. సెలవుల్లో పెట్టించుకోగలిగితే మరీ మంచిది.

తిండి దగ్గర మా ఇంట్లోవాళ్ళు నన్ను చాలా ఆదుకున్నారు. మొదట మా అత్తయ్యగారు, "పదో తరగతి పిల్ల ఇంట్లో ఉంటే నీకెందుకమ్మా ఇప్పుడు క్లిప్పులు?" అన్నారు. వేసవిలో ఆవకాయ పెట్టే రోజున టెంకతో ఉన్న ముక్క నేను కొరకలేనని ఆవిడే గుర్తుపెట్టుకున్నారు. రెండు కాయలు విడిగా తురిమి, అదే ఆవపిండి, అదే కారం కలిపి చిన్న జాడీలో పెట్టి, మూతకి తెల్ల గుడ్డ కట్టి, "ఇది నీది" అని నా చేతికిచ్చారు. ఆ జాడీ ఇంకా అడుగున రెండు గరిటెలు ఉంది.

జంతికలు, చెక్కలు, చెరకు, మొక్కజొన్న పొత్తు పూర్తిగా మానేశాను. చెక్క కొరికితే బ్రాకెట్ ఊడుతుంది, నాకు ఒకసారి ఊడింది. జామకాయ సన్నగా తరుక్కుంటే తినొచ్చు. గోంగూర, తోటకూర పీచు వైరుకి చుట్టుకుంటుంది కాబట్టి మెత్తగా రుబ్బిన గోంగూర పచ్చడే నయం. సున్నుండలు నోట్లో కరుగుతాయి, వాటికి భయం లేదు, తిన్నాక బ్రష్ మాత్రం చేయాలి.

ఇంకొక్కటి పసుపు. బ్రాకెట్‌కి వైరుని పట్టి ఉంచే చిన్న రబ్బర్లు ఉంటాయి, నెలనెలా మారుస్తారు. కనపడకుండా ఉంటాయని మొదటిసారి రంగులేనివి వేయించుకున్నాను. రెండు పూటల పప్పుచారుకే పులిహోర రంగులోకి తిరిగాయి. ఎంత తోమినా పోదు, అది రబ్బరులోకే దిగిపోతుంది. పంటి రంగులో ఉండే సెరామిక్ బ్రాకెట్లకి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ళు కూడా ఇది గమనించాలి, వాటికి మామూలుగా వేసేది కూడా ఇవే రబ్బర్లు. మన వంట తినేవాళ్ళకి బూడిద రంగు రబ్బర్లే సరైనవి. నేను రెండో నెల నుంచి అవే అడుగుతున్నాను.

కొన్న వస్తువుల్లో నిజంగా పనికొచ్చినవి మూడు: మధ్యలో గాడి ఉండే ఆర్థో బ్రష్, వైరు కింద దూరే బుల్లి బ్రష్, బ్రాకెట్ గీసుకోకుండా దాని మీద నొక్కే మైనం (వ్యాక్స్). వ్యాక్స్‌ని బియ్యపు గింజంత తీసి ఉండ చేసి, బ్రాకెట్‌ని గుడ్డతో తుడిచి ఆరాకే నొక్కాలి. తడి మీద నిలవదు. నీళ్ళు చిమ్మే మెషీన్ కూడా కొన్నాను. మెతుకులు పోతాయి కానీ పంటికి పట్టిన పాచి పూర్తిగా పోదు, అది బ్రష్‌తోనే పోవాలి. డబ్బులు చూసుకుని కొనేవాళ్ళు దాన్ని వదిలేయొచ్చు. స్కూల్లో మధ్యాహ్నం భోజనం తర్వాత స్టాఫ్ రూమ్ వెనక కుళాయి దగ్గర నాలుగు నిమిషాలు తోముకుంటాను. ఆ నాలుగు నిమిషాలు ఒక్కరోజు కూడా మానలేదు. చిగుళ్ళ నుంచి రక్తం ఆగిపోయింది.

ఇక బాధ పెట్టినవి. సంక్రాంతి ముందు రోజు వెనక వైరు చివర బ్రాకెట్ దాటి బయటికొచ్చి బుగ్గలో గుచ్చుకోవడం మొదలుపెట్టింది. క్లినిక్ నంబరుకి పన్నెండుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. వ్యాక్స్ పెట్టుకుని, ఉప్పునీళ్ళు పుక్కిలించి నాలుగు రోజులు గడిపాను. పండక్కి పిల్లలు వచ్చారు, నేను గిన్నె పట్టుకుని ఒక మూల కూర్చున్నాను. తర్వాత వెళ్ళినప్పుడు ఆ మాట చెబితే డాక్టరుగారు క్షమించమన్నారు, అర నిమిషంలో కత్తిరించారు. సెలవు రోజుల్లో చేయడానికి వేరే నంబరు ఇచ్చారు. అది మొదటి రోజే ఇవ్వాల్సింది.

రెండోది డబ్బు. మాట్లాడుకున్నది 45,000. ముందు 15,000, మిగతాది వెళ్ళినప్పుడల్లా 2,000 చొప్పున పదిహేనుసార్లు. ఎక్స్‌రేలు, పళ్ళు తీయడం విడిగా అని ముందే చెప్పారు, సరే. కానీ క్లిప్పులు తీశాక పళ్ళు వెనక్కి పోకుండా పెట్టుకునే రిటైనర్లకి ఇంకో 5,000 అవుతుందని పదో నెలలో రిసెప్షన్ దగ్గర తెలిసింది. రిటైనర్ రాత్రిళ్ళు ఎప్పటికీ పెట్టుకోవాల్సిందే, అది లేకపోతే ఇంత కష్టమూ వృథా. అలాంటి దాన్ని లెక్కలో కలపకుండా ఉంచడం నాకు నచ్చలేదు. ఇది ఆ డాక్టరుగారికే నేరుగా చెప్పాను.

వైద్యానికి, చేతి పనితనానికి, ఓపికకి ఐదుకి ఐదు. ఫోనుకి, లెక్కకి ఐదుకి రెండు. పళ్ళు తీసినచోట నా చిటికెన వేలు కొన పట్టే సందు ఉండేది. ఇప్పుడు అక్కడ ఒక బియ్యపు గింజ కూడా పట్టదు.

వచ్చే అపాయింట్‌మెంట్ దీపావళి తర్వాతి శనివారం. మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, నవ్వితే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆగస్టులో ఒకరోజు కుళాయి దగ్గరకి వచ్చి, "టీచర్, చాలా నొప్పి పుడుతుందా?" అని అడిగింది. ఎన్ని రోజులు, ఎంత ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ శనివారం ఆ పిల్ల, వాళ్ళమ్మ నాతో పాటు ఎనిమిదింటి బస్సుకి వస్తున్నారు. రిటైనర్లతో కలిపి మొత్తం ఎంతో ఒక కాగితం మీద రాయించుకోమని వాళ్ళమ్మకి చెప్పాను.