రెండున్నర మైళ్లు, ఒక జింక: ఫ్లాట్ టాప్స్ అడవిలోంచి మోసుకొచ్చిన మాంసం

జింక పడింది మధ్యాహ్నం మూడింటికి. మాంసం చివరి సంచి మా కారు డిక్కీలోకి చేరింది మర్నాడు ఒంటిగంటకి. ఈ మధ్య గడిచిన ఇరవై రెండు గంటల గురించి మాకు ముందుగా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. వేటకి వెళ్లొచ్చినవాళ్లు కొమ్ముల ఫొటో చూపిస్తారు, ఎంత దూరం నుంచి కొట్టారో చెబుతారు. మాంసం మోసుకొచ్చే సంగతి అడిగితే మాత్రం "కష్టమే" అని ఒక్క మాటతో సరిపెడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అలాగే ఉండాలి కూడా. మేముండే అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పద్ధతి వేరు. ప్రాంతాల వారీగా జింకల సంఖ్య అంచనా వేసి, దాన్నిబట్టి పర్మిట్లు లాటరీలో ఇస్తారు. ఏప్రిల్ మొదటి వారం లోపే దరఖాస్తు పెట్టాలి, అంతకు ముందే వేట శిక్షణ క్లాసు పూర్తి చెయ్యాలి. ఆ ఏడాది మా బావకి (అక్క భర్త) పర్మిట్ వచ్చింది, నాకు రాలేదు. నేను మోతకి తోడుగా వెళ్లాను.

డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద రైఫిల్ అనే ఊరి దాకా వెళ్లి, అక్కడ ఉత్తరానికి తిరిగితే నలభై మైళ్ల అవతల మీకర్ వస్తుంది. ఫ్లాట్ టాప్స్ అడవికి దగ్గర్లోని చిన్న ఊరు. 1901లో థియొడోర్ రూజ్‌వెల్ట్ కొండసింహాల వేటకి వచ్చింది ఈ చుట్టుపక్కలకే. అక్టోబర్‌లో ఇక్కడ గది దొరకాలంటే వేసవిలోనే బుక్ చేసుకోవాలి. మేం దిగిన మోటెల్లో పరుపు మెత్తగా లేదు, హీటర్ రాత్రంతా మోగింది. అయినా మళ్లీ అక్కడే దిగుతాను. వెనకవైపు మాంసం వేలాడదీసుకునే కొక్కేలు, కడుక్కోవడానికి నీళ్ల పైపు, వాడుకోనిచ్చిన పెద్ద ఫ్రీజరు. వేటకి వచ్చేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి!

కానీ వేట రోజుల్లో ఊళ్లో ఉండటం దండగ. అడవి దారి మొదలయ్యే చోటికి కారులో గంటకి పైగా పడుతుంది, చివర్లో మట్టిరోడ్డు, చీకట్లో జింకలు అడ్డం వస్తాయి. అందుకని మొదటి రాత్రి మోటెల్లో, తర్వాత రెండు రాత్రులు నార్త్ ఫోర్క్ లోయలో టెంట్‌లో ఉన్నాం. అప్పటికే క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ల కుళాయిలు కట్టేశారు. మేం యాభై లీటర్లు ఊరి నుంచే తీసుకెళ్లాం కాబట్టి బతికిపోయాం. తెల్లారేసరికి సీసాల్లో నీళ్లు గడ్డకట్టాయి.

ఈ ప్రయాణంలో మాకు అన్నిటికంటే ఉపయోగపడింది మీకర్‌లోని ఫారెస్ట్ సర్వీస్ ఆఫీసు. బావ మాంసం లాగడానికని రెండు చక్రాల బండి కొన్నారు. అక్కడి ఉద్యోగి మ్యాప్ మీద గీత చూపించి, ఈ హద్దు దాటితే చక్రం తిరగకూడదని చెప్పింది. ఫ్లాట్ టాప్స్ విల్డర్‌నెస్ హోదా ఉన్న అడవి, అంటే సహజంగా ఎలా ఉందో అలాగే వదిలేయాల్సిన అడవి. 1964 నాటి చట్టం ప్రకారం అందులో మోటారే కాదు, సైకిలు, ఈ తోపుడు బండి కూడా నిషేధం. మనిషి వీపు, లేదా గుర్రం వీపు. అంతే. బండి మోటెల్లోనే వదిలేశాం.

జింక పడింది బాటకి అర మైలు లోపల, 2002లో మంట తినేసిన అడవిలో. మ్యూల్ డీర్ పోతు. కంచరగాడిద చెవుల్లా పెద్ద చెవులు, వాటి అంచున సన్నటి నల్లటి గీత. బావ ఆ చెవి పక్కన చెయ్యి పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నేను కూడా టోపీ తీసి నిలబడ్డాను. తర్వాత పర్మిట్ కాగితం మీద సంతకం చేసి, చింపి జింకకి కట్టేశాం.

పొట్ట కొయ్యకుండానే కండ తీసే పద్ధతి ఒకటుంది. ఒక పక్కన చర్మం ఒలిచి, జబ్బ, తొడ కీలు దగ్గర విడదీసి, వెన్ను పక్కనుండే పొడవాటి కండ తీసి, జంతువుని తిప్పి రెండో పక్క. ఎముక కొయ్యనక్కర్లేదు. జింకలకొచ్చే, ఒళ్లు క్షీణించి చంపేసే జబ్బు (సీడబ్ల్యూడీ) కారకాలు మెదడులో, వెన్నుపాములో ఎక్కువగా ఉంటాయి కాబట్టి అదే మంచిది కూడా. ఒక తొడకి మగ గుర్తు తెగకుండా ఉంచాం, అది ఇక్కడి నియమం. గుడ్డ సంచుల్లో వేసిన కండ నుంచి చలిలో ఆవిరి లేస్తూనే ఉంది. వేడి తగ్గకపోతే మాంసం ఎముక పక్కనుంచి పాడవుతుంది. అందుకే జబ్బలు, మెడ కండ నీడ ఉన్న చెట్టుకి, కళేబరానికి దూరంగా ఎత్తున కట్టాం. తల కూడా అక్కడే. ఎలుగుబంట్లు ఇంకా తిరిగే కాలం.

తలో తొడ, తలో వెన్ను కండ ఎత్తుకుని బయల్దేరాం. నా వీపు మీద ఇరవై కిలోలకి పైనే. సంచి గుడ్డలోంచి వెచ్చదనం నడుముకి తగులుతోంది. ఆ వెచ్చదనం నేను మర్చిపోలేను.

బాట ఎక్కేదాకా ఆ అర మైలే అసలు కష్టం. కాలిపోయిన మానులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, నడుమెత్తు, కొన్నిచోట్ల ఛాతీ ఎత్తు. గంటన్నర పట్టింది. గాలి వీస్తే నిలబడి ఉన్న ఎండు మానులు కిర్రుమంటాయి, అప్పుడు టెన్షన్.

"బావా, మీరు తుపాకీ ఇలా ఇచ్చి దాటండి."

"నేను దాటుతాలే, నువ్వు మోకాలు చూసుకో. కింద కూర్చోకు, కూర్చుంటే లేవలేవు."

ఆ మాట నిజం. బరువుని నడుమెత్తు మాను మీద ఆనించి నిలబడే ఊపిరి తీసుకోవాలి. తొమ్మిదివేల అయిదువందల అడుగుల పైన ఊపిరి త్వరగా అందదు. చేతికర్రలు రెండూ లేకపోతే నేను ఆ రాత్రి పడేవాణ్ణే. మిగతా రెండు మైళ్లు బాట మీద, తలకి లైటు కట్టుకుని నడిచాం. కారు చేరేసరికి రాత్రి పది.

మర్నాడు రెండో విడత తల, జబ్బలు, మెడ. ఉదయపు ఎండలో ఆ దారే సగం కష్టం అనిపించింది.

గుర్రాలతో మాంసం దింపించే పర్మిట్ ఉన్నవాళ్లు అక్కడ ఉన్నారు. మాకు చెప్పిన ధర నాలుగువందల డాలర్లు, కాకపోతే ఆ రోజుకి గుర్రాలు ఖాళీ లేవు. జింక అయితే ఇద్దరు మోయగలరు. ఎల్క్ అనే పెద్ద జాతి జింక దీనికి మూడింతలుంటుంది, దానికి మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోకుండా లోపలికి వెళ్లొద్దు.

మాంసం కోయించడం ఒక్కటే నాకు నచ్చలేదు. దారిలో ఒక షాపుకి ఇచ్చాం. మా కీమా విడిగా చెయ్యమని రాసిచ్చినా, అందరిదీ కలిపి రుబ్బారని ప్యాకెట్లు తీసుకునేటప్పుడు తెలిసింది. రెండు రోజులు ప్రాణం పెట్టి మోసింది అది. తొడలు ఇంట్లో కోసుకుందామని ఉంచుకోవడం మంచిదైంది. అక్క వంటింటి బల్ల మీద ప్లాస్టిక్ పరిచి, పొరలు తీసి, ముక్కలు కొట్టి, తేదీ రాసి ఫ్రీజర్లో పెట్టింది.

తల మీకర్‌లోనే వన్యప్రాణి శాఖ ఆఫీసులో ఆ క్షీణించే జబ్బు పరీక్షకి ఇచ్చాం. ఫలితం వచ్చేదాకా ఒక్క ముక్క ముట్టొద్దని అక్క గట్టిగా చెప్పింది. రెండు వారాలకి బావ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, జబ్బు లేదని. ఆ సాయంత్రమే అక్క వెన్ను కండకి మిరియాలు, అల్లం పట్టించి వేపుడు చేసింది. కొవ్వు లేని కండ కాబట్టి నూనె కాస్త ఎక్కువే పోసింది. బావ మొదటి ముక్క నా పళ్లెంలో వేశారు.