గుడి దగ్గర కొమ్ము పడితే: అల్లిపురం బోర్డు పెయింటర్ గారి షాపు

విశాఖ అల్లిపురంలో బోర్డులు, గుడ్డ బ్యానర్లు చేత్తో రాసే ఈ షాపుకు ఐదు స్టార్లు. రాత అందంగా ఉంటుంది, నిజమే. కానీ నేను ఇస్తున్నది మాట తెలిసినందుకు.

మా గాజువాక స్కూలు పదో తరగతి బ్యాచ్ వాళ్లం మా తెలుగు మాస్టారికి సన్మానం పెట్టుకున్నాం. ‘గురువును మించిన శిష్యులు’ అని వేరే చోట ఫ్లెక్స్ వేయించాం. విప్పి చూస్తే ‘గురువును ముంచిన శిష్యులు’! గుడి ఉండాల్సిన చోట కొమ్ము పెట్టారు. తెలుగు మాస్టారి వెనక ఆ మాట కడతామా? ఇంకా రెండు రోజులే ఉంది. నాకు ఒకటే టెన్షన్.

ఎవరో చెబితే ఇక్కడికి వచ్చాను. పెయింటర్ గారికి అరవై దాటి ఉంటాయి. నేనిచ్చిన కాగితం చదివి, కుంచె తియ్యకుండా అడిగారు.

“మాస్టారు ఆ రోజు స్టేజీ మీదే కూచుంటారా అమ్మా?”

“అవునండీ.”

“మరయితే ఈ మాట ఎవరంటున్నట్టు? మించాడని గురువు అనాల. మనకి మనం అనీసుకుంటే ఏటి బాగుంటాది?”

నేను అక్షరం దిద్దించుకోవడానికి వెళ్లాను. అసలు తప్పు ఫ్లెక్స్ షాపుకు వెళ్లకముందే మేం చేశాం. శిష్యుడి చేతిలో ఓటమి కోరుకోమని పెద్దలు చెప్పింది గురువుకే కదా.

మా గ్రూపులో ఒకరు ‘తలదన్నే’ అని పెట్టమన్నారు. అదీ ఆయనకు చూపించాను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడన్న సామెత గుర్తుచేసి, అది పోటీ పడేవాళ్ల మాట, మాస్టారి దగ్గర తన్నడం ఎందుకన్నారు. ‘గురువుకు మించిన’ అనొచ్చా అంటే, ‘కు’ హద్దుల దగ్గర బాగా అతుకుతుందట: శక్తికి మించిన పని, తాహతుకు మించిన ఖర్చు. మనిషి దగ్గరికి వచ్చేసరికి ‘ను’ అంటేనే ఆయన చెవికి ఇంపుగా ఉంటుందట. ఇన్నేళ్లుగా వాడుతూ నేనెప్పుడూ గమనించలేదు.

చివరికి ‘మిమ్మల్ని మించిన గురువు మాకు లేరు’ అని రాశారు. అమ్మను మించిన దైవం లేదంటాం చూడండి, ఆ పద్ధతిలో. మాట అదే, కానీ ఇప్పుడు పెద్దరికం మాస్టారిది అయింది.

ఆ రాత్రి ఫోన్‌లో ఆంధ్రభారతి నిఘంటువు తీశాను. ‘మించు’ నామవాచకం కూడా, అర్థం మెరుపు! బ్యానర్ మీద ఆ పసుపు అక్షరాలు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

ఆరడుగుల గుడ్డ, నీలం మీద పసుపు, 1,100 రూపాయలు. ఫ్లెక్స్ కన్నా ఎక్కువే, కానీ బేరం ఆడాలనిపించలేదు. ఫోన్‌పే లేదు, నగదు తీసుకెళ్లండి. సందు ఇరుకు, కారు పట్టదు. రంగు ఆరడానికి ఒక పూట పడుతుంది కాబట్టి ముందు రోజు సాయంత్రం పరిగెత్తుకుంటూ వెళ్లకండి.

ఆ బ్యానర్ మాస్టారు ఇంటికి తీసుకెళ్లారు. మొన్న వెళ్లినప్పుడు మడత విప్పి చూపించారు, రంగు ఎక్కడా పగల్లేదు.